ఓటరుగారి క్షమాపణ

తెల్లవాళ్ల పాలన వల్ల మనకి మేలే జరిగింది! కోప్పడకండి. అంత కోపమొస్తే బందరు వచ్చి తిట్టండి, కుర్చీ వేస్తాం.

మిగతా దేశాన్ని పాపం ఒక్కరే దోచుకున్నారు. మా బందరుని ముగ్గురు దోచుకున్నారు! డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు. ఒకరి తర్వాత ఒకరు క్యూ కట్టి మరీ దోచుకున్నారంటే మా దగ్గర సరుకెంత ఉండేదో మీరే ఆలోచించండి. ఈ ఘనత ఇంకే ఊరికుంది? మా బావమరిది శివరామయ్య గుడివాడ నుంచి వచ్చినప్పుడల్లా ఈ మాట చెప్పి ఏడిపిస్తుంటాను.

"మీ ఊరికేముంది బావా? ఒక్క ఇంగ్లీషువాడు. వాడూ రైలు మారడానికి దిగుంటాడు!"

శివరామయ్యకి తెల్లవాడి పేరు చెబితే ఒళ్లు మంట. మన చేనేతని చంపారంటాడు. కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే మన ధాన్యం ఓడలెక్కించారంటాడు. అతను చెప్పేవన్నీ నిజాలే కావడంతో వాదించడం చాలా కష్టం. అందుకని నేను గొంతు పెంచుతాను. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా ఇద్దరి గొంతులూ బాగా పెరిగేసరికి మా ఆవిడ మాధవీలత, "ఆ తెల్లవాళ్ల సమాధులేవో ఇక్కడే ఉన్నాయిగా, అక్కడికెళ్లి అరుచుకోండి" అని వీధి తలుపు తీసింది.

వెళ్లాం. డచ్చివాళ్ల సమాధుల దగ్గర అప్పటికే ఒక తెల్లాయన నిలబడి ఉన్నాడు! అరవై ఏళ్లుంటాయి. తాటిచెట్టంత మనిషి. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎండకి ఎర్రగా కమిలిపోతూ రాళ్ల మీద పేర్లు చదువుతున్నాడు.

నా ఇంగ్లీషుకి పని దొరికిందని సంబరంగా వెళ్లి పలకరించాను. పేరు వౌటర్ అట. హాలెండ్‌లో స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. ఆయన పూర్వీకుడొకడు ఒకప్పుడు డచ్చి కంపెనీ కొలువులో బందరు వచ్చాడట. ఇక్కడ బట్ట కొన్నాడు, బట్టతో పాటు మనుషుల్ని కూడా కొని ఓడలెక్కించాడు. ఆ సంగతి ఈమధ్యే తెలిసి, ఈయన మనసు మనసులో లేక, క్షమాపణ అడగడానికి విమానమెక్కి వచ్చాడు.

"ఎవరికి చెప్పాలండీ?" అని అడిగాడు.

ఎంత మంచి ప్రశ్న! అయితే ఆదివారం. ఆఫీసులన్నీ సెలవు. నేను కండువా సర్దుకుని, బందరు మొత్తం తరఫున, "నాకు చెప్పండి" అన్నాను.

ఆయన చేతులు జోడించి, హోటల్ కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో, "మా వాళ్లు చేసిన దానికి క్షమించండి" అన్నాడు.

అప్పుడు మనం ఏమనాలి? మీకు తెలుసా? నాకు తెలియదు. పుట్టి బుద్ధెరిగి నాకు ఎవరైనా క్షమాపణ చెబితేగా!

"పర్లేదండీ. టిఫిన్ చేశారా?" అన్నాను.

శివరామయ్య పరిస్థితి ఇంకా దారుణం. నలభై ఏళ్లుగా పెంచుకున్న కోపం, ఎదురుగా తెల్లవాడు, తీరా చూస్తే వాడు దణ్ణం పెడుతున్నాడు! జేబులోంచి ఫోను తీసి, "ఇంకోసారి చెప్పమను బావా, వీడియో తీస్తాను" అన్నాడు.

ఇంతలో చర్చి నుంచి దైవాధీనం మాస్టారు వస్తూ ఆగారు. హెడ్‌మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. సంగతి విని తల అడ్డంగా ఊపారు.

"ఆయన్ని నాకు మాత్రం సారీ చెప్పొద్దనండి. మా తాతని బళ్లో కూర్చోబెట్టింది తెల్లదొర. మనవాళ్లు కులం పేరు చెప్పి గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. నాకు సారీ చెప్పాల్సినవాళ్లు గుడివాడ బస్సులోనే దొరుకుతారు."

శివరామయ్య నేల చూపులు చూశాడు. తర్వాత, "చదువు చెప్పినవాడూ దోచుకున్నవాడూ ఒకడేనా మాస్టారూ?" అన్నాడు మెల్లిగా.

"ఒకే ఓడలో వచ్చేవాళ్లండీ. ఎవరు ఏ పనికి దిగేవాళ్లో మనకి ముందుగా చెప్పేవాళ్లు కాదు" అన్నారు మాస్టారు.

తెల్లవాళ్ల పాలన మీద ఇంతకన్నా మంచి చర్చ నేను టీవీలో కూడా చూడలేదు. మధ్యలో ప్రకటనలు కూడా లేవు!

కానీ బందరులో వార్తకి కాళ్లు పెద్దవి. "సమాధుల దగ్గర ఎవరో సారీ చెబుతున్నారంట!" అని పాకిపోయింది. పావుగంటలో జనం! వౌటర్ అనడానికి నోరు తిరక్క 'ఓటరుగారు' అన్నారు. అదే ఖాయమైంది.

మా వీధి నాగమల్లేశ్వరి ముందుకొచ్చింది. "ఓటరుగారూ, కుళాయిలో మురుగు వాసనండీ. మా పిల్లలకి వాంతులు."

నేను తర్జుమా చేశాను. ఆయన చేతులు జోడించి, "క్షమించండి" అన్నాడు.

ఆవిడ మొహం వెలిగిపోయింది! కుళాయి సంగతి అలాగే ఉంది, కానీ మనిషి తేలికపడింది. ఇక ఆగుతారా? రోడ్డు గుంతలో పడి చెయ్యి విరిగిన బాలాజీ కట్టుతో సహా వచ్చి ఒక సారీ పుచ్చుకున్నాడు. పింఛను ఆగిన ముసలాయనకి ఒకటి. అల్లుడు దసరాకి రాలేదని ఒకావిడ అడిగితే ఆమెకీ ఒకటి! ఎవరో పుణ్యాత్ముడు కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు. ఓటరుగారు అది తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

నేనుండబట్టలేక, "సార్, ఇవి మీ తప్పులు కావండీ" అన్నాను.

"తెలుసు. అయితే ఇంతవరకు వీళ్లకి ఎవరూ చెప్పలేదా?" అన్నాడాయన.

నేను కొబ్బరిబోండాం వైపు చూశాను.

చివర్లో గిలకలదిండి రేవు నుంచి వచ్చిన రాజకుమారి నిలబడింది. చేపలమ్మే మనిషి. మొగుడు అప్పారావు తుఫానుకి ముందు వేటకెళ్లాడు. పడవ ముక్కలు ఒడ్డుకొచ్చాయి, అతను రాలేదు. పరిహారం అడిగితే శవాన్ని చూపించమన్నారట. లేకపోతే చనిపోయినట్టు రాయడానికి ఏడేళ్లు ఆగమన్నారట.

"సముద్రం ఇవ్వలేదండీ. నేనెక్కణ్ణించి తేను?" అంది.

నా ఇంగ్లీషు అక్కడ కాస్త తడబడింది. ఎలాగో చెప్పాను. ఓటరుగారు ఈసారి క్షమించండి అనలేదు. మట్టిలో ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. "ఇలాంటప్పుడు మీ భాషలో ఏమంటారు?" అని నన్నడిగాడు.

"అయ్యో అంటామండీ."

"అయ్యో" అన్నాడాయన ఆమెతో. పలకడం సరిగ్గా రాలేదు. సరిపోయింది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఆయన పోయినప్పట్నించీ ఎన్ని ఆఫీసులకి తిరిగానో. ఒక్కరూ ఈ మాట అనలేదండీ" అంది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. దిగినాయన ఏ ఆఫీసు అధికారో నేను చెప్పను, నాకూ పనులుంటాయి.

"ఏంటీ జనం? పర్మిషన్ ఎవరిచ్చారు? ఎవరో ఓటరుతో మీటింగు పెట్టిస్తున్నారట, ఏ వార్డు ఓటరు?"

"ఆమ్‌స్టర్‌డామ్ వార్డండీ" అన్నాడు శివరామయ్య.

అధికారికి నవ్వు రాలేదు. నాగమల్లేశ్వరి కుళాయి సంగతి ఎత్తింది. ఆయన విసుక్కున్నాడు. "ఆ మురుగు కాలువలు బ్రిటిష్‌వాళ్లు కట్టినవమ్మా. కుళాయి గొట్టాలు వాటిలోంచే వెళ్తున్నాయి. లోపం వాళ్లది. నన్నేం చెయ్యమంటారు?"

చూశారా! తెల్లవాళ్ల పాలన వల్ల ఎంత లాభమో! వాళ్లు లేకపోతే ఈ నేరమంతా ఎవరి మీద పెట్టేవాళ్లం?

అప్పుడొక అద్భుతం జరిగింది. తెల్లవాడి పేరెత్తితే మండిపడే మా శివరామయ్య ముందుకొచ్చి, "పాపం, వాళ్లు పోయి డెబ్బై ఏళ్లు దాటింది, వాళ్లనొదిలెయ్యండి సార్!" అన్నాడు. దైవాధీనం మాస్టారు పకపకా నవ్వారు. జనమంతా నవ్వారు. ఏం జరుగుతోందో తెలియకపోయినా మర్యాదకి ఓటరుగారూ నవ్వాడు.

రాజకుమారి నవ్వలేదు. కళ్లు తుడుచుకుని అధికారి ముందుకొచ్చింది.

"బాబుగారూ, డబ్బు సంగతి తర్వాత చూద్దురుగాని. ఈయన ఏ దేశపాయనో, నా మొగుడి గురించి అయ్యో అన్నాడు. మీరూ ఒక్కసారి అనండి బాబూ. చాలు."

అధికారి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. డ్రైవరు వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆయన పెదాలు కదిలాయి కూడా. నేను చూశాను.

"చూడమ్మా," అన్నాడు చివరికి, "నేను అలా అనొచ్చో అనకూడదో పైవాళ్లని కనుక్కుని చెబుతాను."

కనుక్కుంటున్నారట.