మక్సూత్ గారి ఏడు హెడ్‌ఫోన్లు, వాటి నిబంధనలు

సృష్టిలో జరిగిన అతి పెద్ద పరిపాలనా పొరపాటు ఏమిటంటే, కళ్లకు రెప్పలు మంజూరు చేసి చెవులకు చేయకపోవడం. దీని మీద ఇంతవరకు ఏ కమిటీనీ వెయ్యలేదు, ఎవరినీ సంజాయిషీ అడగలేదు. అల్మాటీలో ఒకానొక ధ్రువపత్రాల కార్యాలయంలో నాలుగో కిటికీ వెనక ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న మక్సూత్ గారు, ఇక ఎవరికోసమూ చూడకుండా తన మటుకు తానే ఆ పొరపాటును సరిదిద్దుకున్నారు. ఆయన దగ్గర ఏడు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

ఒక్కోదానికి ఒక్కో విధి. బస్సులో పక్కసీటు పెద్దాయన "ఏ ఊరు నాయనా మీది, ఏడు తరాల పేర్లు చెప్పు" అని మొదలుపెట్టకుండా ఒకటి. పెళ్లి విందుల్లో బొచ్చుటోపీ కింద ఇమిడిపోయేది ఇంకొకటి (దీవెన ప్రసంగాలు మొదలవగానే పెట్టుకుని, నలభై సెకన్లకోసారి తల ఊపుతారు, ఇన్నేళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు). ఆఫీసుది దేనికీ తగిలించి ఉండదు, దాంట్లో ఏమీ రాదు, కానీ కిటికీ అవతల నిలబడ్డ పౌరులకు ఆ సంగతి తెలియదు. అంట్లు తోమే హెడ్‌ఫోన్ కూడా ఒకటుంది. అంట్లు తోమేది భార్య రౌషన్, హెడ్‌ఫోన్ పెట్టుకునేది ఈయన. మిగతావాటి సంగతి రౌషన్ చెల్లెలికి తెలియకపోవడమే మంచిది. ఏడోది, అక్రోటు చెక్క డిప్పలది, పాటలు వినడానికి. అరిగిపోతుందని దాన్ని ఇంతవరకు వాడలేదు.

అన్నీ అద్దాల బీరువాలో, కింద చీటీలతో ఉంటాయి. ఆ బీరువాకు దొంగల భయం లేదు. ఉన్న భయమల్లా మేనల్లుడి వల్లే.

మా కజఖుల్లో మేనల్లుడికి ఉన్న అధికారాలు మంత్రికి కూడా లేవు. మామ ఇంట్లో మూడుసార్లు ఏది కావాలన్నా అడగవచ్చు, మామ కాదనకూడదు. కాదంటే మామ చేతులు వణుకుతాయంటారు (ముద్ర వేసే ఉద్యోగంలో ఉన్నవాడు ఇలాంటి మాటలు తేలిగ్గా తీసుకోలేడు). క్రేన్ నడిపే మేనల్లుడు సాపర్‌బెక్ పన్నెండో ఏట సైకిలు పట్టుకుపోయాడు, పెళ్లికి తివాచీ పట్టుకుపోయాడు. మూడోది అడగకుండా పదహారేళ్లు ఊరుకున్నాడు. మక్సూత్ గారు ఆ హక్కుకు కాలదోషం పట్టిందనే నమ్ముతూ వచ్చారు.

ఒక ఆదివారం టీ తాగుతూ సాపర్‌బెక్ బీరువా వైపు చూశాడు.

"మామయ్యా, నా మూడోది ఇవాళ అడుగుతున్నా. ఆ చెక్క డిప్పలది ఇయ్యి."

మక్సూత్ గారికి పొలమారింది. రౌషన్ వచ్చి నెత్తి మీద తట్టాల్సి వచ్చింది.

"కాదననురా," అన్నారాయన తేరుకుని. "కాదనే అధికారం నాకెక్కడిది? కానీ దేనికైనా ఒక పద్ధతుంటుంది గదా. దరఖాస్తు పెట్టుకో."

"దరఖాస్తా?"

"రెండు కాపీలు."

మర్నాటికల్లా 'గృహ వినికిడి పరికరాల వినియోగ, బదిలీ నిబంధనలు' పద్నాలుగు పేజీల్లో తయారయ్యాయి. వంటింటికీ ముందుగదికీ మధ్య గిన్నెలు అందించుకునే చిన్న కిటికీని స్వీకరణ కేంద్రంగా ప్రకటించారు. రౌషన్‌ను గుమాస్తాగా నియమించారు (ఆమె అప్పుడు బజారుకు వెళ్లి ఉంది). ఒంటిగంట నుంచి రెండింటి దాకా భోజన విరామం.

సాపర్‌బెక్‌కు కోపం వస్తుందని మక్సూత్ గారు ఆశపడ్డారు. రాలేదు. ఈ నగరంలో వరసల్లో నిలబడే పెద్దవాడైన మనిషి అతను. తిరస్కరణను పనిలో ఒక మెట్టుగానే చూస్తాడు. మొదటి దరఖాస్తు ఫోటోలో చెవులు కనబడలేదని వెనక్కి వచ్చింది. రెండోది ఒక చెవే కనబడిందని వచ్చింది. మూడోసారి రెండు చెవులూ ఉన్నాయి గానీ, అతను ఫలానా తల్లి కొడుకని రుజువుందే తప్ప, ఆ తల్లి మక్సూత్ గారికి అక్క అని ఎక్కడా లేదు.

"వాడు పుట్టిన మూడో రోజు నుంచి మన చేతుల్లోనే పెరిగాడు గదండీ," అంది రౌషన్.

"ఎరిగుండటం వేరు, ధ్రువీకరించడం వేరు."

"మరి తొమ్మిదో గడి చదివారా? ఏం రాశాడో చూశారా?"

తొమ్మిదో గడి 'దేని నిమిత్తం' అనేది. సాపర్‌బెక్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: అమ్మకు వినపడటం లేదు. వినికిడి యంత్రానికి వరసలో నాలుగు వందల పన్నెండో నంబరు వచ్చింది. ఫోనుకు హెడ్‌ఫోన్ తగిలిస్తే ఎదుటివాళ్ల మాట పెద్దగా చేసి వినిపించే ఏర్పాటుందట. చిన్నవి పెట్టి చూశాం, చాలలేదు.

మక్సూత్ గారు ఆ గడిని రెండుసార్లు చదివారు. చిన్నప్పుడు తమ తల్లి పశువుల క్షేత్రంలో పాలు పితికే పనిలో ఉంటే, ఐదేళ్లు వచ్చేదాకా ఆయన్ని చంకనేసుకు తిరిగింది ఈ బాతిమా అక్కే. కానీ ఆయన రిజిస్టరులో ఆమోదించిన వినియోగాలన్నీ ఎవరో ఒకరి మాట వినకుండా ఉండటానికి సంబంధించినవి. ఒకరి మాట వినడానికి అనే వినియోగానికి అసలు కోడ్ లేదు. ఆలోచించి ఆలోచించి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, అక్క స్వయంగా హాజరు కావాలని రాశారు.

ఆవిడ హాజరైంది. డెబ్బై ఏళ్ల మనిషి, రెండు బస్సులు మారి, సంచీ నిండా నూనెలో వేయించిన బావుర్సాక్ రొట్టెలతో, చేతిలో కాగితాలతో వచ్చి చిన్న కిటికీ ముందు కుర్చీలో కూర్చుంది. కిటికీ వెనక నుంచి ఏదో చెబుతున్న తమ్ముణ్ణి తేరిపార చూసింది.

"ఏమంటున్నాడే వాడు?" అని రౌషన్‌ను గట్టిగా అడిగింది. "వాడి గొంతు విని రెండేళ్లయింది. పెదాలు కదలడం కనిపిస్తుందంతే. ఎలా చిక్కిపోయాడో చూడు, తిండి సరిగా పెడుతున్నావా లేదా?"

ఇంక మక్సూత్ గారి వల్ల కాలేదు. లేచి బీరువా తెరిచారు. ఏడోదాన్ని తీసి, సొంత రుమాలుతో తుడిచి, కిటికీలోంచి వంగి అక్క తలగుడ్డ మీద తానే పెట్టారు. సాపర్‌బెక్ దాన్ని ఫోనుకు తగిలించి, ఆ ఫోను మామయ్య ముందు పెట్టాడు. ఇచ్చే ముందు పరికరాన్ని పరీక్షించాలని పదకొండో నిబంధన. సంబంధిత అధికారి ఒక వాక్యం మాట్లాడాలి.

"చెప్పు మామయ్యా. ఏదైనా చెప్పు."

చెప్పాల్సింది చాలా ఉంది. ఆ చంక సంగతి ఉంది. రెండేళ్లుగా ఫోన్ చెయ్యని సంగతి ఉంది, వినపడదు గదా అని సరిపెట్టుకున్న సంగతి ఉంది. అన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. మక్సూత్ గారు నిటారుగా కూర్చున్నారు. ఎదురుగా కిటికీ, కిటికీ అవతల కాగితాలు పట్టుకున్న ఒక పెద్దావిడ. ఆయన నోరు తెరిచారు.

"మీ పత్రాలు అసంపూర్తిగా ఉన్నాయి. సోమవారం రండి."

బాతిమా అక్క మొహం విప్పారింది. కళ్ల నీళ్లు తిరిగాయి.

"వినపడిందిరా. ఒక్క అక్షరం పోకుండా వినపడింది," అంది. రెండు చేతులతో హెడ్‌ఫోన్ తీసి, జాగ్రత్తగా కిటికీలో పెట్టి, తలగుడ్డ సర్దుకుంది.

"అక్కా, అది కాదక్కా..." అన్నారు మక్సూత్ గారు.

ఆవిడ ఆయన పెదాల వంక చూసి నవ్వింది. "మళ్లీ ఎందుకురా చెప్తావు, ఒకసారి చెప్పావుగా. సోమవారం పొద్దున్నే వస్తాలే."

సాపర్‌బెక్ ఫోను జేబులో పెట్టుకుని, తల్లి బూట్లు తొడగడానికి వంగాడు. రౌషన్ కాసేపు అందరి వంకా చూసింది. తర్వాత గుమాస్తా కలం తీసి, పరీక్ష ఫలితం అనే గడిలో రాసింది: పరికరంలో ఏ లోపమూ లేదు.