హంతకుడి చేతిలో బైబిలు

శనివారం టిఫిన్ కాగానే బాపట్ల నుంచి తెనాలి వెళ్లి, పోస్టరుకు ఫ్రేము పురమాయించి రావాలనుకున్నారు ఎబినేజర్ మాస్టారు.

కువైట్‌లో పాఠాలు చెప్పిన రోజుల్లో చూసిన పాత ఈజిప్టు నేర చిత్రం ఆయన్ని వదల్లేదు. అందులో హంతకుడే హీరో. సినిమా ఎక్కడా దొరకదు కాబట్టి, కైరోలో అచ్చయిన దాని పోస్టరంటే సేకరించేవాళ్లు పడిచస్తారు. ఇరవయ్యేళ్లు వెతికి ఒకటి సంపాదించారు. ఆదివారం దాన్ని చూడ్డానికి రేపల్లె నుంచి దీపక్ వస్తున్నాడు. పాత పోస్టర్ల విషయంలో అతని మాటకు తిరుగులేదు.

"ఆ అబ్బాయి కూడా పెదవి విరిస్తే ఇది అటకెక్కుద్ది," అని భార్య దానమ్మ, చుట్టిన పోస్టరు విప్పి చూడకుండానే తేల్చేసింది.

తెనాలిలో ఫ్రేముల ప్రకాశం పోస్టరు విప్పాడు. మీసాల మనిషి, చేతిలో పిస్తోలు, కింద అరబ్బీ అక్షరాలు.

"ఎవరండి మాస్టారూ ఈయన?"

రైలు టైమైపోతోంది. మాస్టారు గుమ్మం దాటుతూనే, "కువైట్లో పరిచయమయ్యా. చివర్లో పాపం, కాల్చేస్తారు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తది. రేపు ఇంటికి తెచ్చెయ్!" అన్నారు.

ప్రకాశం గుండె కరిగిపోయింది.

మర్నాడు దీపక్‌ని స్టేషన్ నుంచి తీసుకొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు. లోపల ఫ్రేముకు దండ, ముందు కొవ్వొత్తి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. దానమ్మ కళ్లొత్తుకుంటోంది.

"ఇంత కావలసినాయన పోతే నాకొక్క మాట చెప్పలేదేంటండీ? ఏదో సినిమా బొమ్మనుకున్నా. ప్రకాశం చెప్తేగాని తెలీలేదు!"

మాస్టారు బొమ్మ వంక చూసి కొయ్యబారిపోయారు. పిస్తోలు లేదు. హంతకుడి చేతిలో నల్లట్ట బైబిలు!

"పోయినాయన చేతిలో తుపాకీ బాగోదని నేనే రంగేశానండి," అన్నాడు ప్రకాశం వినయంగా. "చూసినోళ్లు చెడ్డోడనుకుంటారు కదండి."

"చెడ్డోడేనయ్యా! ముగ్గుర్ని చంపాడు!"

పాస్టరుగారి ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

"సినిమాలోనండి," అని గొణిగి మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

దీపక్ భూతద్దం పెట్టి బొమ్మంతా గాలించాడు. "బాధపడకండి మాస్టారూ. ఇది ఈమధ్య వేసిన నకలండి. కాగితమే కొత్తది. ఇందులో అసలైంది ఆ బైబిలొక్కటే." భూతద్దం జేబులో పెట్టుకుని, "ఇలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు. నాకిచ్చేస్తారా?" అన్నాడు.

మాస్టారు నోరు తెరిచేలోపే దానమ్మ లేచింది.

"పాస్టరుగారు ప్రార్థన చేసిన మనిషిని బయటికి పంపుతామా బాబూ?"

హంతకుడు హాల్లోనే ఉండిపోయాడు. ఆయనెవరని ఎవరైనా అడిగితే దానమ్మ తడుముకోకుండా, "మా వారి తరఫు," అంటుంది.