రాజుగారి లోపం రద్దు

ఇకమీదట మన నాటకాల్లో ఏ కథానాయకుడూ సొంత లోపం వల్ల పతనం కారాదని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించిన రోజున నా జన్మ ధన్యమైంది. నేను ప్రభుత్వ నాటకశాలలో ప్రాంప్టర్‌ని. ఇన్నేళ్లుగా తెర పక్కన కూర్చుని, మహావీరులకు డైలాగులు అందించి మరీ కూల్చినవాణ్ణి. ఆ పాపం ఇక నాకు అంటదు.

"ఒకడికి కోపం, ఒకడికి అనుమానం, ఒకడికి అహంకారం! బంగారం లాంటి రాజుల్ని ఇలా పాడుచేస్తే జనానికి పాలకుల మీద నమ్మకం ఏం మిగులుతుంది?" అని ప్రెస్ మీట్‌లో అడిగారు మంత్రిగారు. విలేకరులు బుద్ధిగా రాసుకున్నారు. వెంటనే లోప నివారణ కమిటీ ఏర్పడింది. ఛైర్మన్ మంత్రిగారి బావమరిది. ఆయన నాటకాలు చూడరు కాబట్టి పక్షపాతానికి తావు లేదు.

కమిటీకి మొదట చిక్కింది మా కొత్త నాటకం. అందులో రాజుకి పొగడ్తలంటే ప్రాణం. పొగుడుతున్నంతసేపూ సింహాసనం దిగడు. ఆ సందులో శత్రువులు కోటలోకి వచ్చేస్తారు. మంత్రిగారు రచయితను పిలిపించారు.

"ఆ లోపం తీసెయ్యవయ్యా."

"తీసేస్తే రాజు పడడు సార్. రాజు పడకపోతే నాటకం అవదు."

"అవకపోతే ఏం? అదే టికెట్టుకి జనానికి ఇంకాస్త నాటకం!"

"ఎవరికో ఒకరికి లోపం ఉండాలి కదా సార్..."

"ద్వారపాలకుడికి పెట్టు," అన్నాడు బావమరిది.

రచయిత నోరు మూసుకుని పెట్టాడు. ద్వారపాలకుడు మొదటి అంకంలోనే పతనమయ్యాడు. పాపం, అతను పడటానికి పెద్ద ఎత్తేమీ లేదు. ఆ తర్వాత రాజు క్షేమంగా ఉన్నాడు. ఎంతసేపు చూసినా క్షేమంగానే ఉన్నాడు. ముగింపు ఎక్కడా దొరక్క అందరం తల పట్టుకుంటే, చివరికి మంత్రిగారే త్యాగానికి సిద్ధపడ్డారు.

"చివర్లో నేనే స్టేజి మీదికొచ్చి మాట్లాడతాను. అదే ముగింపు."

నిజానికి ప్రదర్శన రోజున ఆయనకి ఊపిరి సలపని పని. ప్రభుత్వంలో రెండో కుర్చీ ఆయనకే ఖాయమైంది, అదే సాయంత్రం మొదటి కుర్చీలోని పెద్దాయన సమక్షంలో ప్రమాణ స్వీకారం. ఆ కుర్చీ కోసం ఆయన పార్టీ మారారు, మళ్లీ మారారు, ప్రాణస్నేహితుణ్ణి జైలుకి కూడా పంపారు. "ఆలస్యమైతే పెద్దాయన ఊరుకోరు బావా," అని బావమరిది ఉదయం నుంచీ చెవిలో పోరుతూనే ఉన్నాడు. అంత బాధ్యత తెలిసిన బంధువు దొరకడం అదృష్టం.

హాలు నిండా బస్సుల్లో వచ్చిన కార్యకర్తలు. మంత్రిగారు మైకు అందుకుని, "పాలకుడికి లోపం ఉండదు! ఉందంటే అది గిట్టనివాళ్లు రాసింది!" అని చెయ్యి పైకెత్తారు. చప్పట్లు మారుమోగాయి.

ఇక్కడ ఆ పార్టీ క్రమశిక్షణ గురించి చెప్పాలి. నాయకుడు ఎత్తిన చెయ్యి దించేదాకా కార్యకర్తలు చప్పట్లు ఆపకూడదు. మంత్రిగారికీ ఒక సంస్కారం ఉంది. చప్పట్లు ఆగేదాకా ఆయన చెయ్యి దించరు.

"అయ్యా, టైమవుతోంది," అని పక్కనుంచి అందించాను.

"ఆగవయ్యా, ఇంకా కొడుతున్నారు," అన్నారాయన, చిరునవ్వు చెదరనివ్వకుండా.

బావమరిది ముందు వరుసకి వెళ్లి, "గట్టిగా! మధ్యలో ఆపినవాడికి పార్టీలో చోటు లేదు," అని హెచ్చరించి, కారు సిద్ధంగా ఉందో లేదో చూసొస్తానని బయటికి నడిచాడు. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి, ఆయన కారెక్కి వెళ్లిపోయారని నా చెవిలో చెప్పాడు.

"అయ్యా, కారు లేదు. మీ బావమరిదిగారు వెళ్లిపోయారట."

"వస్తాడులే. అటు చూడు, వెనకవాళ్లు లేచి నిలబడ్డారు!"

లేచినవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. "రెండో కుర్చీ బావమరిదిగారికట! ప్రమాణం కూడా అయిపోయింది," అన్నాడొకడు. "మా బావకి నాటకమే ముఖ్యమట అని పెద్దాయనతో చెప్పాడట," అన్నాడు ఇంకొకడు. చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొత్త నాయకుడికి స్వాగతం చెప్పాలి కదా. బయట బస్సులు స్టార్టయ్యాయి.

ఖాళీ కుర్చీల ముందు మంత్రిగారు ఒక్కరే మిగిలారు. చెయ్యి దించడం మరిచిపోయారు. నాకు నిజంగానే జాలేసింది.

"తర్వాతేంటయ్యా?" అని అడిగారు, నా వైపు తిరక్కుండా.

నా దగ్గరున్న స్క్రిప్టులో ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడి నుంచి వచ్చాడో, రచయిత పరుగున వచ్చి నా చేతిలోంచి స్క్రిప్టూ పెన్నూ లాక్కున్నాడు.

"కదలకండి సార్," అన్నాడు రాసుకుంటూ. "అలాగే ఉండండి."