ఛాంపియన్‌షిప్పుకు లామినేషన్

ఆ రోజు లామినేషన్ బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కూతురు చిట్టిని అంతర్జాతీయ ఆటల పోటీ జరిగే హాల్లో దించాలి. స్కూటర్ మీదున్న లామినేషన్ మెషీనుతో కాలేజీకి వెళ్ళి విద్యార్థుల గుర్తింపు కార్డుల పని ముగించాలి. ఇంటికొచ్చి కునుకు తియ్యాలి. ఆయన్ని వీధి వీధంతా బాబాయ్ అనే పిలుస్తుంది. తన దుకాణానికి వచ్చిన కాగితం ప్లాస్టిక్ తొడుక్కోకుండా తిరిగి వెళ్ళిపోతే ఆయనకు అన్నం సహించదు.

చిట్టి ఆడేది కార్డుల ఆట. ఒక్కో కార్డు మీద ఒక్కో మృగం, దానికో బలం. ఎదుటివాళ్ళ మృగాలన్నింటినీ పడగొడితే గెలిచినట్టు. ఊళ్ళో అందర్నీ ఓడించి ఇంత పెద్ద పోటీకి వచ్చిన మొదటి మనిషి ఆమే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం కూడా. పాపం, ఆడి ఆడి ఆమె కార్డుల అంచులు పోగులు లేచాయి. విదేశీయుల ముందు బిడ్డ వీటితో కూర్చోవాలా అని తండ్రి మనసు చివుక్కుమంది. ఆమె నిద్ర లేచేలోపే అన్నింటికీ లామినేషన్ చేసి, అంచులు నున్నగా కత్తిరించి పెట్టెలో సర్దేశాడు. పెట్టె మూత పడకపోతే రబ్బరు బ్యాండు వేశాడు.

హాల్లో ఒక పక్క వీడియో గేములు, ఇంకో పక్క కార్డులు. స్కూటర్ మీద వదిలితే ఎవరెత్తుకుపోతారోనని బాబాయ్ మెషీను సంచి భుజాన వేసుకునే లోపలికొచ్చాడు. తనిఖీ బల్ల దగ్గర చిట్టి పెట్టె తెరిచింది.

"నాన్నా! ఏం చేశావ్ వీటిని?"

"బాగున్నాయి కదూ? ఇక నీళ్ళు పోసినా తడవవు."

"నీళ్ళెవరు పోస్తారు నాన్నా!"

రిఫరీ ఒక కార్డు పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "సార్, కార్డును తొడుగులోంచి తీసి చూపించగలగాలండీ. ఇవి ఈ జన్మకు బయటికి రావు. ఆట మొదలయ్యేలోపు వేరే కార్డులు తెచ్చుకోకపోతే అమ్మాయి ఓడిపోయినట్టే."

చిట్టి కళ్ళు తుడుచుకుని, "ఎవరినైనా అడిగి తెస్తా. నువ్విక్కడే కూర్చో. దయచేసి ఏమీ చెయ్యకు," అని పరుగెత్తింది.

ఏమీ చెయ్యకుండా కూర్చోవడమే ఆయన ఉద్దేశం. ఇంతలో ఉంగరాల జుట్టు విదేశీ ఆటగాడొకడు వచ్చి, చిట్టి కార్డులు చూసి ముచ్చటపడ్డాడు. చిరిగిపోయిన తన ప్రవేశపత్రం చూపించి, కార్డుల వైపు, మెషీను సంచి వైపు చెయ్యి ఊపి, ఏదో బతిమాలాడు. ఆ పత్రాన్ని బల్ల మీదున్న తన కార్డుల పెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు. తనిఖీ కోసం మిగతా ఆటగాళ్ళు వదిలిన పెట్టెల మీదా అలాగే ప్రవేశపత్రాలు ఉన్నాయి. దుకాణంలో జనం సరుకు వదిలి, పైన పేరు చీటీ పెట్టి పోవడం బాబాయ్‌కి రోజూ చూసే సంగతే.

"అయ్యో, ఇంతమంది అడుగుతుంటే కాదంటామా?" అనుకుని మెషీను ప్లగ్గు పెట్టాడు. వీడియో గేముల పక్కన దీపాలన్నీ టప్పున ఆరిపోయాయి. ఆటగాళ్ళు లబోదిబోమన్నారు, రిఫరీలందరూ అటు ఉరికారు. తనకూ దానికీ సంబంధం ఉంటుందని ఆయనకు తోచనే లేదు. ఈ ప్లగ్గు పాడైనట్టుందని ఇంకోదాంట్లో పెట్టుకున్నాడు. అటు కరెంటు బాగుచేసి, ఆగిన ఆటలు మళ్ళీ మొదలుపెట్టించి రిఫరీ తిరిగొచ్చేసరికి ఆఖరి పెట్టెకు రబ్బరు బ్యాండు వేస్తున్నాడు.

ఆ తర్వాత లేచిన గోలలో ఎన్ని భాషలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఉంగరాల జుట్టువాడు తన ప్రవేశపత్రం చూపించి, కార్డులు చూపించి, తల కొట్టుకున్నాడు. ప్రవేశపత్రాన్ని వదిలేశానని అలిగాడేమోనని బాబాయ్ దానికీ లామినేషన్ చేసిచ్చాడు. అతను కుర్చీలో కూలబడ్డాడు.

చిట్టి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. బల్ల చూసింది. తండ్రిని చూసింది. "అందరివీనా?" అంది.

"నీకు పోటీ లేకుండా చేద్దామని కాదమ్మా, ఒట్టు!" బాబాయ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

పెద్ద రిఫరీ నుదురు నొక్కుకున్నాడు. "నిబంధన పెట్టింది ఎవరికీ అన్యాయం జరగకూడదని. ఇప్పుడు అందరికీ సమానంగా జరిగింది. ఆడండి," అన్నాడు.

ఆడటం మొదలుపెట్టాక తెలిసింది అసలు కష్టం. కొత్త ప్లాస్టిక్ మీద వేళ్ళు నిలవవు. ఒకరి మృగాలు బల్ల కింద దూరాయి, ఇంకొకరివి ప్రేక్షకుల ఒళ్ళో పడ్డాయి. ఏ కార్డు ఎవరిదో తేల్చలేక రిఫరీలు చేతులెత్తేశారు. చిట్టి మాత్రం చిన్నప్పటినుంచీ బడి నుంచి రాగానే దుకాణంలో ఇలాంటి జారుడు కార్డులు కట్టలు కట్టిన పిల్ల. అంచులు పట్టి, బల్లకు రెండు తట్లు తట్టి, హాయిగా కలిపి పంచుకుంది. సాయంత్రానికి ఉంగరాల జుట్టువాడు తన ఆఖరి మృగం కోసం మోకాళ్ళ మీద వెతుక్కుంటుండగా ఆమె ఛాంపియన్ అయింది.

బాబాయ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కూతుర్ని వాటేసుకుని హాలంతా వినపడేలా ఏడ్చాడు. చిట్టి కూడా ఏడ్చింది, కోపంగా ఉండటం మర్చిపోయి.

ఆ రోజు ఇచ్చిన ప్రశంసాపత్రం ఎక్కడ దాచిందో మాత్రం ఆమె తండ్రికి ఇప్పటికీ చెప్పలేదు.