వరండాలో వారం రోజుల బడి

సోమవారం పొద్దున టీ గ్లాసు చేతికి రాకముందే గణేశ్వరరావు ఆ వారం పనులన్నీ ఖాయం చేసుకున్నాడు. వంటింటి మీద రెండు రేకులు మార్చాలి, కారుతున్న కొళాయి బిగించాలి, మధ్యాహ్నాలు నిద్రపోవాలి. జెట్టీ ఆఫీసులో గుమాస్తాగా చేరిన పదకొండేళ్ళకు వరసగా వారం రోజులు సెలవు దొరికింది. దొరికిన ఆ వారమే గాలివానకు పిల్లల బడి మీది రేకులు లేచిపోయాయి. మళ్ళీ సోమవారం దాకా బడి లేదన్నారు.

"నేను డ్యూటీకి పోతన్నాను. పిల్లల పఢాయీ మీరే సూడండి," అంది భార్య అచ్చమ్మ. ఆమె ఆసుపత్రిలో ఆయా. జవాబు వచ్చేలోగా గొడుగు తీసుకుని బస్సెక్కేసింది.

సరే, లెక్కలూ హిందీయే కదా అనుకుని అతడు ఎనిమిదేళ్ళ అమ్మడినీ ఆరేళ్ళ జోగులునీ వరండాలో కూర్చోబెట్టాడు. గోడ వారగా కూర్చున్న తల్లి దేముడమ్మ అడ్డుపడింది.

"అయి బడిలో ఎలాగూ సెప్తారు గదరా! తెలుగు సెప్పు. నా మనవలకి ఒక్క అచ్చరం రాదు. మీ మావ ఉత్తరాలు గడగడా సదివేస్తావు, ఆ సదువు ఈళ్ళకీ సెప్పు."

గణేశ్వరరావు పుట్టింది ఈ దీవిలోనే, చదివింది హిందీలో. తెలుగులో మాట్లాడగలడు, దెబ్బలాడగలడు, చదవలేడు. సముద్రానికి అవతల భావనపాడు నుంచి మేనమామ తాతబ్బాయి రాసే ఉత్తరాలు ఒకప్పుడు తండ్రి చదివేవాడు. తండ్రి పోయాక మొదటి ఉత్తరం వచ్చినప్పుడు రాదని చెప్పడానికి సిగ్గేసి, ఉత్తరం ముఖానికి అడ్డం పెట్టుకుని, "అందరూ క్షేమం, వేట బాగుంది, ఆవు ఈనింది," అని చదివేశాడు. నాలుగేళ్ళుగా అదే చదువుతున్నాడు. తల్లి చెప్పే జవాబులు కూడా అతడే రాసేవాడు. తెలిసినచోట తెలుగక్షరం, తెలియనిచోట హిందీ అక్షరం, ఏదీ తోచకపోతే ఒక సున్నా.

మొదటిరోజు 'ఊ' దాకా లాక్కొచ్చాడు.

"నాన్నా, ఇస్కే బాద్ 'ఋ' కదా? హిందీలో అలాగే ఉంటాది," అంది అమ్మడు.

"అవును. అది రేపు. ఒక్కరోజే అన్నీ నేర్చుకుంటే తలనొప్పొస్తుంది."

అంతలో కలకత్తా విమానం దిగింది. పిల్లలిద్దరూ పలకలు పారేసి విమానాశ్రయం కంచె దగ్గరికి పరుగెత్తారు. గణేశ్వరరావు మనసులోనే పైలట్‌కు దండం పెట్టాడు.

సాయంత్రం సముద్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న గవరయ్య దగ్గరికి వెళ్ళాడు. గవరయ్య మూడో తరగతి దాకా తెలుగు చదివి ఈ దీవికి వచ్చిన మనిషి.

"బాబాయ్, మా ఆఫీసులో ఒక తమిళ సాబ్ తెలుగు నేర్చుకుంటానంటున్నాడు. 'ఋ' నుంచి రాసియ్యి."

గవరయ్య బీడీకట్ట కాగితం మీద రాసిచ్చాడు. "సాబులకే సెప్తన్నావా బాబూ! గొప్పోడివి," అన్నాడు. మర్నాడు తెల్లారి చేపల బజారులో ఆ ముక్కే నలుగురికీ చెప్పాడు.

మంగళవారం ఎనిమిదింటికి పక్కింటి అసిరమ్మ ముగ్గురు పిల్లలతో దిగింది. "సాబులకి సెప్పేవోడివి, మా గుంటలకి సెప్పవా భయ్యా?" అని వాళ్ళను వదిలి వెళ్ళిపోయింది. బుధవారానికి పదకొండు మందయ్యారు. గురువారానికి ఇరవై ముగ్గురు. ఒకావిడ పాలు తాగే పసివాణ్ణి కూడా దించి, "సెవిలో పడతా ఉంటే ఎప్పటికైనా వొంటబడతాది దీదీ," అని దేముడమ్మకు అప్పజెప్పింది.

గణేశ్వరరావుకు కాలు నిలవడం లేదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాడు, చాటుగా జేబులోని బీడీకాగితం చూస్తాడు, వచ్చి ఒక అక్షరం రాస్తాడు, మళ్ళీ తిరుగుతాడు. ముందురోజు సాయంత్రం గవరయ్య దగ్గర తెచ్చుకున్న అక్షరాలు పదింటికల్లా అయిపోతున్నాయి. మిగతా పూటంతా పిల్లలచేత కవాతు చేయించాడు. ఆ కవాతుకు ఉన్న రేకుల్లో ఇంకోటి ఊడింది. కొళాయి కారుతూనే ఉంది.

శుక్రవారం గవరయ్య మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, "నేను కూడా ఇంటాను బాబూ," అని ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గణేశ్వరరావు చెయ్యి జేబులోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పోస్టుమాన్ వచ్చాడు.

"మా తమ్ముడి ఉత్తరం!" అంది దేముడమ్మ. "పిల్లలందరి ముందరా సదవరా. సదువెందుకో ఆళ్ళకీ తెలస్తాది."

తప్పించుకునే దారి లేదు. ఉత్తరం విప్పి గొంతు సవరించుకున్నాడు. "అక్కకి నమస్కారాలు. మేమందరం క్షేమం. వేట బాగుంది. ఆవు..."

గవరయ్య మెడ సాచి చూశాడు. "ఆవు ఎక్కడుంది బాబూ? ఇందులో నాకు ఓడే కనిపిస్తంది." ఉత్తరం అందుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"అక్కా, నన్ను అక్కడికి రమ్మంటావా వద్దంటావా అని మూడేళ్ళుగా అడుగుతున్నాను. నీ జవాబులు మా ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. పంతులుగారు చూసి, ఇది డాక్టరు చీటీలా ఉందని కాంపౌండరు దగ్గరికి పంపారు. ఆయన దగ్గు మందు ఇచ్చాడు. తాగాను. నువ్వు వద్దనలేదు కాబట్టి పడవా వలా అమ్మేశాను. నేనూ, నీ మరదలూ, నలుగురు పిల్లలూ పదో తేదీ శనివారం ఓడకు దిగుతున్నాం."

గవరయ్య ఉత్తరం మడిచి దేముడమ్మ ఒళ్ళో పెట్టాడు.

"కల్ హై శనివారం," అంది అమ్మడు.

గణేశ్వరరావు తల్లి ముందు కూలబడ్డాడు. "అమ్మా, నాకు తెలుగు చదవడం రాదు."

"నాకెరికే," అంది దేముడమ్మ. "నువ్వు సదివేటప్పుడు బైటున్న స్టాంపు బొమ్మ నాకేసే ఉంటాది. నాలుగేళ్ళలో అది ఒక్కసారీ తిన్నగా నిలబడలేదు, ఎప్పుడూ తలకిందులే."

"మరి గవరయ్య బాబాయ్ చేత చదివించలేకపోయావా?"

"గుమాస్తా కొడుకుని పెట్టుకుని బజారంతా తిరగమంటావా? అందుకే గదా ఈ ఇంటి బడి పెట్టించింది. పిల్లలకి కాదురా, నీకు! ఇంత మంది పోగవుతారనుకున్నానా?" ఆమె వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. "ఆడు పడవ అమ్మేశాడు. మనకున్నయి రెండు గదులు. ఏటి సేస్తాం?"

గవరయ్య తల గోక్కున్నాడు. "మా అల్లుడు ఆ సివరున్న డిగ్లీపూర్ పోయాక నా పడవలో జోడీ మనిషి లేడు. మీ తమ్ముడికి సముద్రం తెలుసు గదా, నాతో రమ్మను."

ఆ పూట కొత్త అక్షరం రాలేదు. నడవగలిగిన పిల్లలందరూ ఇళ్ళకు పరుగెత్తి తలో చాపా తెచ్చిపడేశారు.

శనివారం ఓడ దిగిన తాతబ్బాయి అక్కను పట్టుకుని ఏడ్చాడు. తరవాత కళ్ళు తుడుచుకుని, "ఆ ఉత్తరాలు రాసిందెవలు?" అని అడిగాడు.

"నేనే మావా," అన్నాడు గణేశ్వరరావు నేలచూపులు చూస్తూ.

"ఏమనుకోకు గానీ, దగ్గు మాత్రం తగ్గింది బాబూ."

సోమవారం బడి తెరిచారు. పిల్లలందరూ వెళ్ళిపోయారు. తాతబ్బాయి పిల్లలు నలుగురూ మాత్రం ఇంట్లో ఉండిపోయారు, ఎవరికీ హిందీ ఒక్క ముక్క రాదు. రెండో కూతురు, తొమ్మిదేళ్ళ బుల్లమ్మ తెలుగులో నాలుగో తరగతి చదివింది. హిందీ వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని దేముడమ్మ ఆమెకు పలకా స్కేలూ ఇచ్చి, గణేశ్వరరావును అప్పజెప్పింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే పాఠం.

మూడో వారానికి అతడు ధైర్యం చేసి, ఆదివారాలైనా సెలవు ఇప్పించమని తెలుగులోనే అర్జీ రాసి ఇచ్చాడు. బుల్లమ్మ దాన్ని శ్రద్ధగా చదివి, పదిహేడు తప్పులు దిద్ది, మళ్ళీ రాసుకు రమ్మంది.