లెమ్యూల్ స్ట్రౌడ్ గారి వాగ్ధాటి

శాసనసభ్యులు లెమ్యూల్ స్ట్రౌడ్ గారు స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వరాదని వాదించిన మహావక్త. ఆ ఉపన్యాసాలన్నీ ఆయన భార్య ఎడలైన్ రాసి ఇచ్చేది. ఇందులో వింతేమీ లేదు. మొక్కజొన్నల వ్యాపారంలో ఉండగా ఆయనకు మాట్లాడవలసిన అవసరం రాలేదు. హాబ్సన్ కౌంటీ అనే అమెరికా జిల్లా ప్రజలు శాసనసభకు పంపాక వచ్చింది. ఆవిడ పెళ్ళికి ముందు పంతులమ్మ.

“ఆడవాళ్ళకి రాజకీయం బుర్రకెక్కదని గట్టిగా రాయవే,” అనేవారు ఆయన బూట్లు విప్పుకుంటూ.

“ఎందుకెక్కదో?”

“నాకేం తెలుసు? నువ్వే చూడు.”

ఆవిడ చూసేది. బైబిల్లోంచి, రోము చరిత్రలోంచి తిరుగులేని కారణాలు తీసేది. ఆయన రాజధానికి రైలెక్కి వాటిని సభలో గంభీరంగా చదివేవారు. ముందుగా చదివి చూసుకునే అలవాటు లేదు. ఇంటి వంటను అనుమానించేవాడు మగవాడే కాదని ఆయన సిద్ధాంతం.

1913 వసంతంలో ఓటు బిల్లు ఆఖరి చర్చకు వచ్చింది. గ్యాలరీలో ఆడవాళ్ళు ఓటు ఉద్యమానికి గుర్తుగా పసుపు గులాబీలు పెట్టుకుని కిక్కిరిసి కూర్చున్నారు. స్ట్రౌడ్ గారు లేచారు. మొదటి పేజీ ఎప్పటిలాగే స్త్రీల తెలివిని తూర్పారబట్టింది. పేజీ తిప్పాక, “ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ అబద్ధాలు, అది నాకూ తెలుసు” అని తన గొంతే తనకు వినిపించింది. ఆపుదామంటే, సొంతంగా ఏం చెప్పాలో తెలియదు. అందుచేత చివరిదాకా చదివారు. బిల్లు గెలిచింది. ఆయన మీద గులాబీలు కురిశాయి.

ఇంటికి వెళ్ళి అరుద్దామనే బయల్దేరారు. దారిలో ప్రతి స్టేషనులోనూ బ్యాండు వాయించారు. గుమ్మం చేరేసరికి ఆ అభిప్రాయం తనదేనని నమ్మకం కుదిరింది.

“బాగా చెప్పాను కదూ?”

“బ్రహ్మాండంగా,” అంది ఎడలైన్. “వచ్చే ఎన్నికల్లో నేనూ నిలబడుతున్నా. మీ సీటుకే.”

ఆయన పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఎడలైన్ ఊరూరా తిరిగి బడుల గురించీ, మంచినీళ్ళ గురించీ మాట్లాడింది. కొత్తగా ఓటొచ్చిన స్త్రీలు శ్రద్ధగా విని ముక్కున వేలేసుకున్నారు.

“ఓటిప్పించిన మహానుభావుడి మీదే పోటీయా! అందులోనూ కట్టుకున్న మొగుడు!” అంది చర్చి మహిళా సంఘం అధ్యక్షురాలు మిసెస్ పెటిగ్రూ. “అయినా ఆయనలా మాట్లాడ్డం ఈవిడ తరమా?”

స్ట్రౌడ్ గారు అఖండ మెజారిటీతో గెలిచారు. విజయోత్సవానికి బయల్దేరుతూ వంటింట్లోకి తొంగిచూశారు.

“ఎడీ, నాలుగు ముక్కలు రాసివ్వవే.”

“ఈసారి మీ మాటలే చెప్పండి,” అంది ఆవిడ, పిండి కలపడం ఆపకుండా.

ఆయన వేదికెక్కి నోరు తెరిచారు. ఏమీ రాలేదు. జనాన్ని చూసేకొద్దీ భయం ముంచుకొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“పాపం, కృతజ్ఞతతో మాట పెగల్లేదమ్మా!” అంటూ మిసెస్ పెటిగ్రూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంతటి ఉపన్యాసం ఈ రాష్ట్రం ఎరగదని పత్రికలు రాశాయి.

ఎడలైన్ మళ్ళీ బడిలో చేరి, ఆడపిల్లలకు సొంత పేరుతో ఉపన్యాసాలు రాయడం నేర్పింది. పిల్లలను చెడగొడుతోందని తల్లులు ఆమెను మాన్పించారు.

స్ట్రౌడ్ గారు తర్వాత సభలో ఒక్కసారీ నోరు విప్పలేదు. హాబ్సన్ కౌంటీ ప్రజలు అందుకే ఆయన్ను పోయేదాకా గెలిపించారు. నోరున్నవాళ్ళను ఎన్నుకుని మనం మాత్రం ఏం బావుకున్నాం గనక!