గోంగూర మడి తీర్పు

ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో ప్రజాస్వామ్యం చెడిపోవడానికి ఒక్కడే కారణమనీ, ఆ ఒక్కడి పేరు రాఘవ్ అనీ లక్ష్మణరావు నిర్ధారించాడు. (గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి నిర్ధారణ ఎక్కడ చెల్లుతుందో ఆయనకూ తెలుసు.)

రాఘవ్ లాయరు. అది చాలదన్నట్టు, పందొమ్మిదో శతాబ్దంలో లాయరుగా మొదలై నాయకుడైన ఒక అమెరికా ఆయన జీవితచరిత్ర చదివాడు. ఆయన ఒక పేద రైతు గట్టు తగాదాను ఉచితంగా వాదించి గెలిచాడట. ఆ పేరుతో శాసనసభకూ, అక్కణ్ణుంచి సెనేటుకూ వెళ్లాడట. ఇక రాఘవ్‌కు కావలసింది ఒక గట్టూ, ఒక పేదవాడూ. (పేదవాడు వెంటనే దొరికాడు.)

కమ్యూనిటీ గార్డెన్‌లో లక్ష్మణరావు గోంగూర మడి మీదికి, పక్కమడి సీతారత్నం ఆంటీ ఆనపపాదు పాకింది. ఆక్లాండ్ చలిని ఏటా బతిమాలుకుంటూ పెంచిన గోంగూర అది. రాఘవ్ పైసా తీసుకోకుండా తోట సంఘంవారి సరిహద్దుల ఉపసంఘం ముందు రెండు గంటలు వాదించాడు. పాదు వెనక్కి తగ్గింది. లక్ష్మణరావు తీర్పు కాగితాన్ని లామినేట్ చేయించి, అది పట్టుకుని ఇంటింటికీ తిరిగి, రాఘవ్‌ను తోట సంఘానికి అధ్యక్షుణ్ణి చేశాడు.

అధ్యక్షులవారు మొదటి వారంలోనే ఏడో నియమం తెచ్చారు. తగాదా జరిగినట్టు కాగితం ఉన్న ప్రతి మడీ, శాంతి నిమిత్తం, సంఘానికి చెందును.

ఆ నియమం కింద విచారణ జరిగిన రోజున సీతారత్నం ఆంటీ తన దగ్గర ఏ కాగితమూ లేదంది. ఓడిపోయినవాళ్లకు కాగితం ఎవరిస్తారని అడిగింది. ఆమె మడి ఆమెకే ఉండిపోయింది. లక్ష్మణరావు మాత్రం మడి తనదేనని చూపించడానికి లామినేట్ కాగితం గర్వంగా బల్లమీద పెట్టాడు. కార్యదర్శి హిమజ దాన్ని తగాదా రుజువుగా నమోదు చేసుకుంది. (తడిసినా చెడని రుజువు తెచ్చినందుకు మెచ్చుకుంది కూడా.)

"నువ్వు గెలిపించిన కేసే కదయ్యా ఇది," అన్నాడు లక్ష్మణరావు.

"అప్పుడు మీ లాయర్ని అంకుల్. ఇప్పుడు అందరివాణ్ణి."

లక్ష్మణరావు అడిగాడు, "మరి నువ్వు చెప్పిన ఆ అమెరికా రైతు తర్వాత ఏమయ్యాడు?"

రాఘవ్ నిజాయితీగానే ఆలోచించాడు. "పుస్తకంలో రెండో అధ్యాయం తర్వాత ఆయన కనపడడు, అంకుల్."

గోంగూర మడి ఉన్న చోట ఇప్పుడు అధ్యక్షులవారి ప్రసంగ వేదిక ఉంది. లక్ష్మణరావుకు పోయింది పొడవు మూడు మీటర్లు, వెడల్పు మీటరూ ఇరవై సెంటీమీటర్లు, కోతకొచ్చిన గోంగూరతో సహా.